కోచ్ ఎర్విన్ సిఫారసు

ఎర్విన్ సెడ్లాచెక్‌ని దేని గురించి అడిగినా దాని లోపాలతో మొదలుపెడతాడు. ఉన్నమాట చెబితే ఊరు అచ్చిరాదంటారు గానీ స్టోనీ ఫోర్క్ ఊరు మాత్రం ఆయన్ని భరిస్తూనే వచ్చింది, అమెరికా నడిమి మైదానాల్లోని నెబ్రాస్కా గాలిని భరించినట్టు. ఆ గాలీ అంతే, ఎవరి మొహమూ చూడదు. కోసేసిన మొక్కజొన్న మోళ్ల మీదుగా పరుగెత్తుకొచ్చి, ఎదురుపడ్డవాడి టోపీ ఎగరగొట్టి, తన దారిన తాను పోతుంది.

ఒకసారి తన పాత పికప్ బండిని అమ్మకానికి పెట్టాడు. పక్క ఊరి నుంచి ఒక ఆసామి డబ్బు జేబులో పెట్టుకునే వచ్చాడు.

"క్లచ్ జారుతుంది," అన్నాడు ఎర్విన్, బండి చుట్టూ తిప్పుతూ. "హీటర్ వేస్తే ఎలకల వాసన. ఎడమ తలుపు లోపల్నుంచి రాదు, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి తీసుకోవాలి. వానొస్తే..."

"నాకెందుకు లెండి బాబూ," అని ఆసామి వెళ్లిపోయాడు.

మేనకోడలి పెళ్లిలో నాలుగు మంచిమాటలు చెప్పమని చేతికి మైకిచ్చారు. "పెళ్లికొడుకు చేపల వేటకొస్తే వాడి గురకకి చేపలు పారిపోతాయి. పెళ్లికూతురు చిన్నప్పట్నుంచీ అంతే, ఓడిపోతే పేకముక్కలు జనం మొహాన కొడుతుంది..." అనేసరికి పెళ్లికూతురి తల్లి మైకు లాక్కుంది. బ్యాండువాళ్లు సమయం చూసి పోల్కా నాట్యం పాట ఎత్తుకున్నారు. చర్చి అమ్మకాల్లో సొంత భార్య అడెలా చేసిన కొలాచీ రొట్టెల్నీ వదల్లేదు. "గసగసాలవి పళ్లలో ఇరుక్కుంటాయి. వీటి అడుగు కాస్త మాడింది," అంటూ కొనేవాళ్లకి వివరంగా చెబుతుంటే, "ఎర్విన్, నువ్వెళ్లి కుర్చీలు సర్దు," అంది అడెలా.

ఆ మాటకొస్తే, ఎర్విన్ చెప్పేది చివరిదాకా విన్నవాడు ఊళ్లో లేడు. ఎవరికి తగలాల్సిన చోట వాళ్లకి తగలగానే లేచి వెళ్లిపోయేవాళ్లు.

ఇలాంటి మనిషి చేతిలో తన కొడుకు భవిష్యత్తు ఉందని తెలిసినప్పుడు మార్లా కుబిచెక్‌కి నిద్ర పట్టకపోవడంలో వింతేముంది?

మార్లా ధాన్యం గిడ్డంగిలో లారీలు తూకం వేస్తుంది. ఆమె కొడుకు ట్రెంట్, ఎర్విన్ నడిపే హైస్కూల్ బేస్‌బాల్ జట్టులో క్యాచర్. బ్యాటు పట్టినవాడి వెనకాల గొంతుక్కూర్చుని, మొహానికి ఇనప ముసుగేసుకుని, ఛాతీకీ మోకాళ్లకీ దళసరి మెత్తలు కట్టుకుని, వచ్చే బంతిని వచ్చినట్టు అందుకుంటాడు. అవతలివాళ్లు ఒక బేస్ నుంచి, అంటే మైదానంలో ఒక మజిలీ నుంచి, ఇంకోదానికి దొంగతనంగా పరిగెత్తబోతే బంతి విసిరి పట్టించేదీ అతనే. ఆట మరీ తీసిపారేసేది కాదు, ఎగిరి గంతేసేదీ కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు కనుక మార్లాకి మాత్రం ఆ ముసుగు తీసినప్పుడల్లా మబ్బు తొలగి పొద్దు కనిపించినట్టుండేది.

ట్రెంట్ ఎప్పుడూ ఏదీ అడిగినవాడు కాదు. చలికాలం ఒక ఉదయం అట్లమీద తేనె పోసుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "అమ్మా, కాలేజీలో కూడా ఆడాలనుంది. బెంచీ మీద కూర్చోబెట్టినా సరే. ఈ మే నెలతో ఆట అయిపోతుందంటే ఏదోలా ఉంది."

అంతే. మార్లా ఆ రోజు నుంచి నడుం కట్టింది.

ముందు ఒక పెద్ద యూనివర్సిటీ నుంచి ట్రెంట్ పేరున రంగురంగుల ఉత్తరం వచ్చింది. వేసవి శిక్షణకు రమ్మని, అతని మీద తమకెంతో ఆసక్తి ఉందని. మార్లా దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, మర్నాడే ఫోటో తీసుకెళ్లి ఎర్విన్‌కి చూపించింది.

"మా డచెస్‌కీ వచ్చింది," అన్నాడాయన.

"డచెస్ ఎవరు?"

"మా కుక్క. మనవడు సరదాకి దాని పేరు కంప్యూటర్‌లో ఎక్కించాడు. దాని మీద కూడా వాళ్లకి ఎంతో ఆసక్తి ఉందిట. డబ్బు కట్టి రమ్మన్నారు."

తర్వాత మార్లా తన అక్క కొడుకు చేత ట్రెంట్ ఆటలన్నీ కత్తిరించి ఒక వీడియో చేయించింది. వెనకాల డప్పుల సంగీతం. అందులో ట్రెంట్ విసిరిన ప్రతి బంతీ చేరాల్సిన చేతిలోకే చేరుతుంది. కొట్టిన ప్రతి బంతీ కంచె దాకా పోతుంది. ఎర్విన్ కళ్లద్దాలు సవరించుకుని మొత్తం చూశాడు.

"ఈ అబ్బాయెవరో బాగా ఆడుతున్నాడు," అన్నాడు. "వీణ్ణి పట్టుకురా. మన ట్రెంట్‌ని కూర్చోబెట్టి వీణ్ణి ఆడిద్దాం."

"కోచ్, మీకు మనసనేది ఉందా?"

"చూడు మార్లా. పెద్ద యూనివర్సిటీలకి కావలసినవాడు జిల్లాకొకడు పుడతాడు. మనవాడు వీధికొకడు. ఇలాంటి వీడియో ప్రతి తల్లి దగ్గరా ఉంది. అయితే చిన్న కాలేజీలు..."

మార్లా ఫోన్ చేతిసంచిలో వేసుకుని, తలుపు గట్టిగా వేసి వెళ్లిపోయింది.

కాలేజీలన్నిటికీ పంపిన ఆ వీడియో ఏప్రిల్‌లో ఫలించిందనుకుంది. నది అవతలి ఒక చిన్న కాలేజీ కోచ్, రస్ లింగ్రెన్, శుక్రవారం ఆట చూడ్డానికి వస్తున్నాడని బడిలో కబురు తెలిసింది. మార్లా ఆనందం కొలిమిలా రాజుకుంది, వెంటనే దానిమీద ఎవరో నీళ్లు చల్లినట్టయింది. వచ్చినవాడు ఆట చూసి ఊరుకుంటాడా? కుర్రాడెలాంటివాడని వాళ్ల కోచ్‌ని అడగడూ?

గురువారం మార్లా ఎర్విన్‌ని ఇంటికి పిలిచి, చిక్కుడుగింజలు, మాంసం వేసి కారంగా ఉడికించిన చిల్లీ గిన్నెడు, పక్కన దాల్చినచెక్క రొట్టె పెట్టింది.

"కోచ్, రేపు ఆయన అడిగితే ఒక్క ముక్క చెప్పండి చాలు. 'కుర్రాడు చురుకైనవాడు' అనండి."

"కాడుగా."

"పోనీ, 'చేతి బలం ఉంది' అనండి."

"రెండో బేస్ దాకా వాడు విసిరితే బంతి మధ్యలో ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకుంటుంది."

"దేవుడా! 'మంచివాడు' అని అనడానికైనా మీకు నోరొస్తుందా?"

ఎర్విన్ రొట్టె తుంపి చిల్లీలో ముంచాడు. "దీంట్లో ఉప్పు వెయ్యడం మరిచిపోయావు," అన్నాడు.

మార్లా గిన్నె తీసేసుకుంది.

శుక్రవారం గాలి ఈడ్చి కొట్టింది. పడమటి ఆకాశం ఉతికి ఆరేసిన పాత నీలం చొక్కాలా రెపరెపలాడుతోంది. ఆటల రోజున తినుబండారాల కొట్టు నడిపేది తల్లులే. ఆ రోజు వంతు మార్లాది. చిల్లీ గరిటె పట్టుకుని కొట్టు కిటికీలోంచి మైదానాన్ని చూస్తూ నిలబడింది. తలుపు పక్కనే తీగల కంచె, కంచె అవతల చేతులు జేబుల్లో పెట్టుకుని రస్ లింగ్రెన్.

ట్రెంట్ ఆ రోజు ఎప్పటిలాగే ఆడాడు. ఒకసారి బంతిని కొట్టాడు, ఒకసారి గాలిని కొట్టాడు. ఒక దొంగ పరుగును పట్టబోతే బంతి నిజంగానే మధ్యలో ఊపిరి పీల్చుకుంది. "అంపైర్, కళ్లజోడు మార్చుకో!" అని మార్లా కిటికీలోంచి అరిచింది, ఆ తప్పులో అంపైర్ ప్రమేయం ఏమీ లేకపోయినా. స్టోనీ ఫోర్క్ ఓడిపోయింది.

ఆట ముగిశాక లింగ్రెన్ కదల్లేదు. ఎర్విన్ బంతుల బకెట్ ఊపుకుంటూ కంచె దగ్గరికి వచ్చాడు. మార్లా గరిటె చిల్లీలో తిప్పడం మానేసింది.

"చెప్పండి, మీ క్యాచర్ సంగతి," అన్నాడు లింగ్రెన్.

"నెమ్మది," అన్నాడు ఎర్విన్. "వాడి వెనకాల నీడ కూడా విసుగెత్తి ముందుకెళ్లిపోతుంది. వంకర బంతి వస్తే కళ్లు మూసుకుని కొడతాడు. తగిలితే వాడికే ఆశ్చర్యం. ఇక కాళ్లున్నాయి చూడండి..."

మార్లాకి గిడ్డంగి లారీ ఏదో తన గుండె మీద నిలబడినట్టయింది. కొట్టు తలుపు తోసుకుని, గరిటెతో సహా బయటికొచ్చింది.

"చాలు కోచ్! బళ్లో నాకూ మీరే చరిత్ర పాఠాలు చెప్పారు, నా కొడుక్కీ చెప్పారు. మీ జట్టు బస్సు మంచులో కూరుకుపోతే మా తమ్ముడు ట్రాక్టర్‌తో లాగాడు. ఇదేనా మా ఇంటికి మీరు చేసేది? ఆయన ఆ వీడియో చూసి ఎంత ముచ్చటపడి వచ్చాడో, మీరు నిలువునా ముంచేశారు!" అంటూ గరిటె ఊపింది. చిల్లీ చుక్క ఒకటి ఎగిరి లింగ్రెన్ బూటు మీద పడింది.

లింగ్రెన్ బూటు వైపు చూసుకున్నాడు. "ఏ వీడియో అమ్మా?"

"మేం పంపిందే. డప్పులున్నది."

"అలాంటివి రోజూ గడ్డివాములా వచ్చి పడతాయి. నేను తెరవను," అన్నాడు. "ఈయన చలికాలం అంతా ప్రతి ఆదివారం ఫోన్ చేశాడు. నాకొక్కడికే కాదు, మా చుట్టుపక్కల కాలేజీల వాళ్లందరికీ చేశాడట. మిగతా కోచ్‌లు ఫోన్ చేస్తే వాళ్ల పిల్లలందరూ వీరులే. ఈయన చేస్తే అరగంట తిట్లు. ఆ తర్వాత ఒక్క మాట ఉంటుంది. దాన్ని నేనెప్పుడూ నమ్ముతాను. కాస్త ఆగండి, ఆయనింకా పూర్తి చెయ్యలేదు. ఆ ఒక్క మాట కళ్లారా చూసుకుందామనే ఇంత దూరం వచ్చాను."

మాట పూర్తి చెయ్యమని ఎవరైనా అడిగిన అనుభవం ఎర్విన్‌కి లేదు. తడబడ్డాడు. "ఎక్కడిదాకా వచ్చాను?"

"కాళ్లు," అన్నాడు లింగ్రెన్.

"ఆ, కాళ్లు. కాళ్లు బరువు. చేతులు కూడా చెప్పెయ్యనా?"

"చేతులు చూశాను లెండి."

"అయితే సరే." ఎర్విన్ బకెట్ కింద పెట్టాడు. గాలి ఒక్క క్షణం తగ్గింది, తానూ వింటున్నట్టు. "అవతలివాడు బంతిని నేల మీదుగా కొట్టిన ప్రతిసారీ మావాడు లేచి, ఆ మెత్తలన్నిటితో, మొదటి బేస్ వెనక్కి పరిగెడతాడు. ఆ బంతిని అందుకుని మొదటి బేస్‌కి విసిరిన మావాడెవడి గురైనా తప్పితే దాన్ని ఆపడానికి. నూటికి తొంభైసార్లు గురి తప్పదు. ఎవరూ చూడరు, వీడు వెనక్కొచ్చి మళ్లీ గొంతుక్కూర్చుంటాడు. పోయిన వారం పదకొండు పరుగుల తేడాతో ఓడిపోతున్నాం, జనం కార్లెక్కేశారు, నేనూ మనసులో ఇంటికెళ్లిపోయాను. వీడు పరిగెడుతూనే ఉన్నాడు. రాని బంతి కోసం."

మార్లా గరిటె దించింది. ఆ పరుగులు ఆమె వందలసార్లు చూసింది. ఊరికే ఆయాసపడతాడెందుకని చిరాకుపడింది కూడా. ఆమె వీడియోలో ఆ పరుగు ఒక్కటీ లేదు. ఉత్తచేతుల్తో వెనక్కొచ్చే కుర్రాణ్ణి ఎవరు కత్తిరించి అతికిస్తారు?

"ఇవాళా చూశాను," అన్నాడు లింగ్రెన్ మెల్లగా. "ఓటమి తేలిపోయాక కూడా ఆఖరి బంతికి పరిగెత్తాడు."

ట్రెంట్ ముసుగు చంకలో పెట్టుకుని, దుమ్ముకొట్టుకుపోయి వచ్చాడు. అమ్మ చేతిలో గరిటె చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏమోయ్," అన్నాడు లింగ్రెన్, "నువ్వు నెమ్మదని మీ కోచ్ అంటున్నాడు. నిజమేనా?"

మార్లా కళ్లతోనే తల అడ్డంగా ఊపమంది. ట్రెంట్ ఎర్విన్ వైపు చూశాడు, నేల వైపు చూశాడు.

"ఆయన మొహమాటపడి చెప్పి ఉంటారండీ," అన్నాడు. "అంతకన్నా నెమ్మదే."

లింగ్రెన్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకి ఖాళీ బెంచీల మీది పిట్టలు లేచిపోయాయి.

"నేనూ ఉన్నమాటే చెబుతాను. ఆటకని డబ్బివ్వలేను. నీ మార్కులు బాగున్నాయి కనుక కాలేజీయే ఫీజు కొంత తగ్గిస్తుంది. మొదటి ఏడాది బంతులు విసిరేవాళ్లు ఒళ్లు వేడెక్కించుకుంటుంటే బంతులు పట్టి ఇవ్వడమే నీ పని. రెండో ఏడూ అంతే కావచ్చు. అసలు ఎప్పటికీ ఆడించకపోవచ్చు కూడా. ఇష్టమైతే జట్టులో నీకొక చొక్కా ఉంటుంది."

ట్రెంట్ చేతి తొడుగు తీయడం మరిచిపోయి, దాంతోనే కరచాలనానికి చెయ్యి చాచాడు.

లింగ్రెన్ కారు మట్టిరోడ్డు మలుపు తిరిగే దాకా ముగ్గురూ నిలబడి చూశారు. ట్రెంట్ స్నేహితుల వైపు పరిగెత్తాడు, ఎర్విన్ చెప్పినంత నెమ్మదిగానే. మార్లా గొంతు సవరించుకుంది.

"ప్రతి ఆదివారం ఫోన్ చేస్తున్నానని నాకొక్క ముక్క చెప్పొచ్చుగా కోచ్?"

"చెప్పబోయాను. నువ్వు తలుపేసి వెళ్లిపోయావు."

"ఫోన్లో ఇంకేమైనా అడిగాడా?"

"తల్లిదండ్రులెలాంటివాళ్లని అడుగుతారు. అందరూ అడుగుతారు. కొందరు కుర్రాళ్ల అవకాశాలు గ్యాలరీలో కూర్చున్న తల్లిదండ్రుల వల్లే పాడైపోతాయి."

మార్లా దగ్గరికి జరిగింది. "ఏం చెప్పారు?"

"తల్లికి నోరెక్కువ అన్నాను. సంబంధం ఉన్నా లేకపోయినా అంపైర్ని తిడుతుంది. ఎదుటివాడి మాట పూర్తి కానివ్వదు..."

మార్లా నోరు తెరిచింది. తెరిచి, బలవంతాన మూసుకుంది. స్టోనీ ఫోర్క్ చరిత్రలో ఎర్విన్ సెడ్లాచెక్ చెప్పేది చివరిదాకా వినడానికి ఊరి మనిషి ఒకరు నిలబడటం అదే మొదలు. ఆయన దూరంగా, గాలికి వంగిన పచ్చగడ్డి వైపు చూస్తూ అన్నాడు.

"కుర్రాణ్ణి నాలుగేళ్లూ బెంచీ మీద కూర్చోబెట్టినా, ఆమె మాత్రం ఒక్క ఆటా వదలకుండా వచ్చి గ్యాలరీలో కూర్చుంటుంది అన్నాను."

మార్లా గరిటె ఏ చేతిలో ఉందో మరిచిపోయి కళ్లు తుడుచుకోబోయింది. ముక్కు నిండా చిల్లీ.

ఎర్విన్ బకెట్ ఎత్తుకుంటూ తేరిపార చూశాడు.

"వచ్చే ఆదివారం ఇది కూడా చెప్పమంటావా?" అన్నాడు.