అత్తగారి ఉడుత, నా మర్యాద

మా అత్తగారి ఆఖరి ప్రాణం నా చేతుల్లోనే పోయింది. అయ్యో, కంగారు పడకండి! ఆవిడ ముక్తేశ్వరంలో నిక్షేపంగా ఉన్నారు. పోయింది వీడియోగేములో ప్రాణం. అయినా ఆ రోజు సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె గుభేలుమంటుంది.

అప్పటికి నాకు పెళ్ళై మూడు వారాలు. రాయవరం నుంచి మా ఆవిడ సుధతో కలిసి అత్తవారింటికి వెళ్ళాను. భోజనం చేసి హాల్లోకి వచ్చి చూద్దును కదా, లెక్కల టీచరుగా రిటైరైన మా అత్తగారు టీవీ ముందు పీట వేసుకుని కూర్చుని ఒక బొమ్మ ఉడుతను పరుగెత్తిస్తున్నారు! ఎర్రనిక్కరు వేసుకున్న ఆ ఉడుత గోతులు దూకుతోంది, ముళ్ళపందుల నెత్తిన తొక్కుతోంది. నేను సుధ వంక చూశాను.

"చిన్నప్పుడు అన్నయ్యకి కొన్నారు. వాడు ఆడటం మానేశాడు, అమ్మ మానలేదు" అంది సుధ. "ఇరవై ఏళ్ళుగా ఆఖరి గొయ్యి దాటాలని చూస్తోంది. ఇప్పటికి రెండుసార్లే అక్కడిదాకా వెళ్ళింది. చచ్చిపోతే మళ్ళీ మొదటి నుంచే!"

బుద్ధున్నవాడైతే కొబ్బరిబొండం తాగి ఊరుకుంటాడు. నేను కొత్త అల్లుణ్ణి కదా!

"ఓ, ఇదా! చిన్నప్పుడు రోజుకు రెండుసార్లు పూర్తి చేసేవాణ్ణండీ" అనేశాను. ఆ ఆటని నేను పక్కింటివాళ్ళ కిటికీలోంచి చూడటమే తప్ప ఒక్కనాడూ ముట్టుకోలేదు. మనలో మన మాట, ఎవరికీ చెప్పకండి.

అత్తగారు గిరుక్కున తిరిగారు. "నిజవాండీ అల్లుడుగారూ?"

"ఆయ్" అన్నాను. ఆ ఒక్క "ఆయ్" నా కొంప ముంచింది.

గంట గడిచిందో లేదో, "అల్లుడుగారూ! వేగిరం రండి!" అని హాల్లోంచి కేక. పరుగెత్తాను. ఒకే ఒక్క ప్రాణం మిగిలింది. ఎదురుగా ఆఖరి గొయ్యి, దాని అవతల బంగారు జామపండు. అత్తగారి కళ్ళల్లో నీళ్ళు.

"తీసుకోండి, ఈ గెంతు మీ చేతిమీదుగా కానివ్వండి" అని రిమోటు చాపారు.

"అబ్బెబ్బే! ఇంత దూరం తెచ్చింది మీరు. మీరే కానివ్వండి అత్తయ్యగారూ."

"మా చెట్టుకి కాసిన మొదటి పండు కూడా మీకే ఇస్తావండీ. ఇది మాత్రం నేను ముట్టుకుంటానా?"

"పెద్దవారు మీరుండగా నేనా!"

ఉయ్యాలబల్ల మీంచి మామగారు అందుకున్నారు. "మొహమాటపడుతున్నారే! ఇంకోసారి అడుగు."

"మూలన అంకె చూడండి!" అని సుధ అరిచింది. "ముప్ఫై సెకన్లే ఉన్నాయి!"

ఆట ఆపుదామంటే, ఆపే బొత్తం ఎప్పుడో ఊడిపోయిందట!

"అయితే వేగిరం తీసుకోండి బాబూ!"

"వేగిరం మీరే నొక్కేయండి!"

"నా మీదొట్టు!" అన్నారు అత్తగారు.

ఒట్టు పెట్టాక ఇంకేం చేస్తాను, తీసుకున్నాను. పది సెకన్లు. ఇంతకీ దూకే బొత్తం ఏది? రోజుకు రెండుసార్లు గెలిచిన మొనగాడు అది ఎలా అడుగుతాడు? చేతికందింది నొక్కాను. ఉడుత చతికిలబడింది. ఇంకోటి నొక్కాను, వెనక్కి తిరిగి నా వంకే చూసింది. మూడోది నొక్కేసరికి లేచి, మెట్లు దిగినంత నిదానంగా గోతిలోకి నడిచి వెళ్ళిపోయింది.

మామగారి ఉయ్యాలబల్ల ఆగిపోయింది. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, నేను ఏకంగా అత్తగారి ప్రాణమే గోతికి దానం చేశాను!

"పర్లేదండీ" అన్నారు అత్తగారు. "గొయ్యే కాస్త పెద్దదిలెండి. కాఫీ తాగుతారా?"

ఆ కాఫీలో పంచదార లేదు. నేనూ అడగలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సులో సుధ చెవిలో చెప్పాను. "నాకు అసలు ఆ ఆట రాదు."

"అందరం చూశాం" అంది.

నెల తర్వాత అత్తగారు ఫోన్ చేశారు.

"అల్లుడుగారూ! గెలిచేనండీ! జామపండు కోసేనండీ!"

ప్రాణం లేచొచ్చింది. నిజంగా ఆ ఉడుతలాగే గెంతాను. "అమ్మయ్య! ఈసారి ఎలా దాటించేరండీ?"

"ఏవుందండీ, మీరు ఊళ్ళో లేరు కదా!"

ఎంత మర్యాదగా అన్నారంటే, నేను "చాలా సంతోషమండీ" అని ఫోన్ పెట్టేశాక గాని దెబ్బ తగల్లేదు.

కాబట్టి సమస్త అల్లుళ్ళ సాక్షిగా, ఆ ఎర్రనిక్కరు ఉడుత మీద ఒట్టేసి చెబుతున్నాను. అత్తవారింట రానిది వచ్చని ఇక జన్మలో అనను. టీవీలో వార్తలు పెట్టమన్నా సరే, రిమోటు నేను ముట్టను. సుధనే పిలుస్తాను.