గెంటించుకునే పెద్దమనిషి

తగువు తీర్చడానికి వెళ్ళిన ఏ ఇంటినుంచీ మా మావయ్య తనంతట తాను బయటికి రాలేదు. గెంటితేనే వచ్చాడు. వాచీలు బాగుచేయడం ఆయన వృత్తి, మనుషుల్ని కెలకడం ప్రవృత్తి. విడిపోతామన్న దంపతులకు సర్దిచెప్పబోయి, భార్య వంటనూ భర్త గురకనూ ఒకే గుక్కలో తిట్టి, ఇద్దరిచేతా గుమ్మం దాటించుకున్నాడు. అందరూ ఆయన్ని 'తంపుల మావయ్య' అనేవారు.

మా వీధి చివర అన్నదమ్ముల వడ్రంగి షాపు ఉండేది. ఒకరోజు తమ్ముడు రంపం మిషన్లో ఇరుక్కున్న చెక్కముక్క తీస్తుంటే అన్న స్విచ్చి వేశాడు. తమ్ముడి కుడిచేతి వేళ్ళు రెండు పొట్టులో పడ్డాయి.

"చూసే వేశాడు" అన్నాడు తమ్ముడు.

"చెప్పకుండా చెయ్యి పెట్టాడు" అన్నాడు అన్న.

అంతే, మాటలు ఆగిపోయాయి. షాపు మూతపడింది. ఒకే ఇంట్లో అటొకరు, ఇటొకరు. పిల్లలు పెదనాన్న, బాబాయి అనడమే మానేశారు.

మధ్యవర్తిగా తన అన్నయ్యను పిలుద్దామంది పెద్దకోడలు. "ఆయన మీ పక్షమేగా అక్కా" అంది చిన్నకోడలు. ప్లీడరును పిలిస్తే కోర్టుకెక్కాల్సి వస్తుందని ఇద్దరికీ భయం. చివరికి ఇద్దరూ కలిసి మా ఇంటికొచ్చారు.

"మీ మావయ్యని తీసుకురా బాబూ."

"ఆయన్నా! ఆయనంటే మీవాళ్ళకి గిట్టదుగా?"

"ఇద్దరికీ సరిసమానంగా గిట్టదు. అలాంటి మనిషి ఇంకెక్కడ దొరుకుతాడు?" అంది పెద్దకోడలు.

మావయ్య వెళ్ళి కూర్చుంటూనే తమ్ముడి మీద పడ్డాడు. "ఏరా, రెండు వేళ్ళకే ఇంత ఏడుపా? పదీ ఉన్నప్పుడు మాత్రం ఏం చెక్కావు? నీ కుర్చీలో కూర్చుంటే పిర్రలో చెక్కపేళ్ళు దిగేవి."

నేను మావయ్య చొక్కా పట్టి లాగాను. తమ్ముడు తెల్లబోయాడు.

అన్న దిగ్గున లేచాడు. "నోర్ముయ్! వాడి పనితనం నీకేం తెలుసు? వాడు చెక్కిన తలుపుమీద నేను ఉలి కూడా ఆనించను, పాడవుతుందని. అలాంటి చెయ్యి..." తమ్ముడి చేతివైపు తిరిగాడు. "నేనే పోగొట్టాను. చూసుకోవాల్సింది. చూడలేదు."

తమ్ముడు తలెత్తి అన్న మొహంలోకి చూశాడు.

మావయ్య అక్కడితో ఆగితేగా! "ఇన్నాళ్ళూ ఆ ముక్క చెప్పడానికి నోరు పడిపోయిందా? చవటా!"

ఈసారి తమ్ముడు లేచాడు. "మా అన్నయ్యని చవటంటావా?"

ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని మావయ్యను మెట్లమీదికి తోసి తలుపు వేసుకున్నారు.

తలుపు మూసేలోగా నేనూ బయటపడి పక్కన కూర్చున్నాను. మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"అంత మాట ఎలా అన్నావు మావయ్యా?"

"పొద్దుట్నుంచీ మంచినీళ్ళు కూడా గొంతు దిగలేదురా, అది అనాలని తలుచుకుంటే."

లోపలినుంచి తమ్ముడి ఏడుపు వినిపించింది. తర్వాత అన్న గొంతు, మెల్లగా. మావయ్య చెప్పులు లోపలే ఉండిపోయాయి. తెస్తానని లేచాను.

"ఇప్పుడు తలుపు తట్టకు" అని ఉత్తకాళ్ళతోనే ఎండలోకి దిగాడు. కాళ్ళు కాలుతుంటే గెంతుతూ, మలుపు దగ్గర ఆగి అడిగాడు.

"చిన్నాడు నన్ను ఏ చేత్తో తోశాడు?"

"కుడిచేత్తోనే."

భుజం తడుముకున్నాడు. మొహం విప్పారింది.

"బాగా నొప్పెడుతోందిరా. ఉలి పట్టగలడు."