వేరుగా పెట్టిన గ్లాసు

"అత్తమ్మా, ఈ గ్లాసు కిటికీల ఎందుకు పెట్టిన్రు?"

"అది నాది. ఎవ్వరు ముట్టొద్దు."

"గొంతుల చిన్న గడ్డ ఉంటే అంటుకుంటదా? శానమందికి ఉంటయి, రక్తపరీక్ష మంచిగుంది, ఆర్నెల్లకు మళ్ల చూద్దామన్నడు గద డాక్టరు!"

"ఏం లేనిదానికి మళ్ల చూసుడేంది?"

"రేపు పిల్లకు ముద్ద గూడ పెట్టరా ఏంది?"

కోడలు విసురుగా గ్లాసును గట్టు మీద పెట్టింది. కళ్లు తిరుగుతున్నాయని దవాఖానకు పోతే నా మెడకు తీసిన స్కానింగ్ తాలూకు జిగురు ఇంకా చల్లగా తగులుతున్నట్టే ఉంది. ఆ స్టీలు చప్పుడుకు సుబ్బాయమ్మగారు గుర్తొచ్చారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ పిల్లల హాస్టల్ ఆమెది. కోస్తా మనిషి. నల్లగొండ నుంచి వచ్చిన కొత్తలో ఆమె వంటింట్లో పనికి కుదిరాను. నేను బడికి పోయింది రెండో తరగతి దాకానే. మిగిలిన చదువంతా అక్కడే. క్యాబేజీ కాడ పారేస్తే బుట్టలోంచి తీయించి పచ్చడి చేయించేది. నా పొదుపూ, నా నోటి దురుసూ ఆమె దగ్గర అబ్బినవే. ఏ గిన్నె దించినా ముందు అరచేతిలో వేసుకుని రుచి చూసేది.

"యాదమ్మా, మన నాలుక ఒప్పుకోనిది పిల్లల కంచంలోకి వెళ్లకూడదే" అనేది.

ఒకసారి ఆమెకు కడుపునొప్పి వస్తే రాయేమోనని స్కానింగ్ తీశారు. రాయి లేదు. కిడ్నీ పైనుండే గ్రంథిలో గడ్డ కనిపించింది. ఇంకోదాని కోసం వెతుకుతుంటే ఇలాంటివి చాలామందిలో బయటపడతాయని, దానివల్ల ఏ బాధా లేదని, అప్పుడప్పుడు చూపించుకుంటే చాలని డాక్టర్ నా ముందే చెప్పాడు. నొప్పి కూడా తగ్గిపోయింది. ఆమె మాత్రం ఆనాటి నుంచి రుచి చూడటం మానేసింది. గరిటె నా చేతికిచ్చి గుమ్మం దగ్గర నిలబడేది.

"మంచిగనే ఉన్నరు గదమ్మా!" అన్నాను.

"నిన్నటిదాకా నేనూ అలాగే అనుకున్నాను కదే. ఇంక ఆ మాట ఎలా నమ్మను?"

కంచం, గ్లాసు వేరు పెట్టుకుంది. కర్మన్‌ఘాట్ గుడికి పోవడం మానింది. మళ్లీ తీసిన స్కానింగులోనూ గడ్డ అంతే ఉంది, ఆమే తరిగిపోయింది. చివరికి హాస్టల్ ఎవరికో అప్పగించి, ఎల్‌బీ నగర్‌లో విజయవాడ బస్సెక్కింది. కిటికీలోంచి మంచినీళ్లు అందిస్తే, "నీ గ్లాసులో వద్దు" అంది. మళ్లీ చూడలేదు.

ఆమె దగ్గర వంట నేర్చుకున్నాననుకున్నాను. ఇది కూడా నేర్చుకున్నానని మొన్నటిదాకా తెలియలేదు.

మర్నాడు పొద్దున మనవరాలు బడిబట్టల్లో వచ్చి, ఎప్పటిలాగే నా ముందు కూర్చుని నోరు తెరిచింది. నేను అన్నం కలపలేదు. కంచంలో చెంచా వేసి దాని చేతికిచ్చాను.