కుక్క వాటా

నగరిలో మా పుట్టిల్లు మగ్గాల ఇల్లు. మాంసం అంటే ఆదివారం కొట్టు నుంచి కవర్లో వచ్చేదే. ఐరాల దగ్గర పల్లెకు కోడలిగా వచ్చాకే తెలిసింది, దాని వెనక పరుగెత్తేవాళ్లు కూడా ఉంటారని. మా మామ కుందేళ్ల వేటగాడు. దొరికితే ఫారెస్టువాళ్లు కేసు పెడతారని తెలుసు. అయినా శెనక్కాయ చేలు పీకడం అయిపోతే ఆయనా, ఆయనతో వేటకు పోయే ముగ్గురూ ఇంట్లో కట్టేసినా ఆగరు.

వాళ్ల పంపకం చూస్తే మొదట్లో నాకు నవ్వొచ్చేది. మనిషికో వాటా, పరుగెత్తిన కుక్కకో వాటా. కుక్క వాటా దాన్ని సాకినవాళ్లకు పోతుంది. "ఈ ఇంట్లో సంపాదించేది ఇదే మ్మా, నేను దాని ఎనకాల పొయ్యేవోణ్ణి" అనేవాడు మామ, తన నల్లకుక్క వీపు నిమురుతూ.

నాకు దాన్ని చూస్తే జాలి. కష్టమంతా దానిది, దక్కేదేమో సంగటి ముద్ద, ఎప్పుడైనా ఉడికిన ఎముక. ఒకసారి కుందేలును శుభ్రం చేస్తూ పేగులూ పచ్చి ముక్కలూ దాని ముందు వేశాను. ఆవురావురుమని తింది. ఆ తర్వాత కూడా మామ చూడకుండా వేస్తూ వచ్చాను. పుణ్యం చేస్తున్నాననుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఒక ఆదివారం వేటలో ఆ కుక్క కుందేలును పట్టింది. వీళ్లు గట్టు దాటి వెళ్లేసరికి సగం తినేసింది.

తిరిగొచ్చి అందరూ మా వాకిట్లో కూర్చున్నారు. నేను నీళ్ల చెంబు తెచ్చి గడప దగ్గర నిలబడ్డాను. వాళ్లలో పెద్దాయన, మామకు బావ వరస, నెమ్మదిగా అడిగాడు.

"దీనికి పచ్చిది ఎవురు పెట్టినారు బావా? పచ్చి రుచి మరిగినాక అది పట్టింది మనకు వదుల్తాదా?"

నేనేనని నోరు తెరిచేలోగా మామ అందుకున్నాడు. "నేనే పెట్టినాను బావా. ముసిలోడైతి, బుద్ధి లేకపాయ."

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వేటాడిన మనిషి. ఆ మాట ఎవరూ నమ్మలేదు. అందరి చూపూ ఒక్కసారి నా మీదికి వచ్చి, మర్యాద కోసం చెంబు మీదికి దిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. నిజం చెబితే ఆయన్ని పదిమందిలో అబద్ధాలకోరును చేసినట్టు, చెప్పకపోతే ఆయన చాటున దాక్కున్నట్టు. దాక్కున్నాను.

"దాన్ని ఇంక తీసుకురావద్దు. నువ్వు మాత్రం రా" అన్నాడు పెద్దాయన.

"అది లేకుండా నేనొచ్చి ఏం చేసేది బావా."

మరుసటి ఆదివారం మామ ఫోను మోగలేదు. వీధిలో వాళ్ల బండ్ల చప్పుడు విని కుక్క గేటు దాకా పరుగెత్తింది, వెనక్కి వచ్చి మామ ముఖం చూసింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం పెద్దాయనే పొట్లం తెచ్చి నా చేతికిచ్చాడు. "మీ మామ వాటా" అన్నాడు. కుక్క వాటా మాట ఎత్తలేదు.

ఎన్నడూ లేనంత శ్రద్ధగా వండాను. మామ పులుసుతో సంగటి తిని, ముక్కలన్నీ పళ్లెంలో ఒక పక్కకు తీసిపెట్టాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"ఉడికిందే గదమ్మా. దానికి పెట్టు."

ఆయన నన్ను అన్నది ఆ ఒక్క మాటే. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. పళ్లెం పట్టుకుని వాకిట్లోకి పోతే కుక్క నన్ను చూసి, ఎప్పటిలాగే తోక ఊపుకుంటూ ఎదురొచ్చింది. దాని నోటికాడి కూడు తీసింది నేనేనని దానికి ఎవరు చెబుతారు?