గొంతు లేని ఆదివారాలు

డెబ్భైల చివర్లో మా విశాఖపట్నంలో నాటకాల పిచ్చి జోరుగా ఉండేది. పగలంతా పోర్టులో గుమాస్తా పని చేసుకుని, సాయంత్రమయ్యేసరికి మద్దిలపాలెంలో ఒక బడి హాలుకి చేరిపోయేవాణ్ణి. మా నాటక సమాజం రిహార్సల్సు అక్కడే. హీరో వేషాలు నావి. బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు, కథలు రాసేవాళ్ళు అందరూ నా చుట్టూనే ఉండేవారు. ఆదివారం వచ్చిందంటే మా రెండు గదుల ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. మా ఆవిడ కాఫీలు కలిపి కలిపి, "ఇది ఇల్లా, బస్టాండా?" అని నవ్వేది.

ఆ గుంపులో ఒక్కడు మాత్రం నన్ను మెచ్చుకున్న పాపాన పోలేదు. పరవాడ దగ్గర రైతు కుటుంబంలో పుట్టి, బస్సు డిపోలో మెకానిక్కుగా చేరినవాడు. ప్రతి నాటకంలోనూ పోలీసో పోస్ట్‌మేనో వేసేవాడు. అతనికి నేను బావని, మా ఆవిడ చెల్లెమ్మ. ఒకసారి నా ఏడుపు సీనుకి హాలంతా చప్పట్లు కొడితే, తెర వెనక రంగు తుడుచుకుంటూ, "ఏడుపు మరీ ఎక్కువైపోనాది బావా. మావూల్లో సావింట్లో కూడా అంతసేపు ఏడవరు" అన్నాడు. కొన్నాళ్ళపాటు అతనితో ముభావంగా ఉన్నాను. అతను గమనించనే లేదు.

ఒక వేసవిలో నా గొంతు బొంగురుపోయింది. ఎన్ని మిరియాల కషాయాలు తాగినా దారికి రాలేదు. డాక్టరు చూసి, లోపల కాయలు కట్టాయన్నారు. ఆపరేషను చేసి వాటిని తీసేశాక, తాను చెప్పేదాకా నోరు మెదపొద్దన్నారు. గుసగుసలు కూడా పనికిరావట.

మొదట్లో అందరూ వచ్చారు, బత్తాయిలు తెచ్చారు. "మీరు లేకపోతే నాటకమే లేదు గురువుగారూ" అన్నారు. నేను చేతులు జోడించాను. బదులు పలకని మనిషితో ఎంతసేపని మాట్లాడతారు? పైగా నాటక పరిషత్తు పోటీలు దగ్గరపడ్డాయి. దువ్వాడ నుంచి వచ్చే కుర్ర లెక్చరరొకడు నా వేషానికి దొరికాడని తెలిసింది. ఆ తర్వాత మా గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. "కాఫీలు తాగిన నోళ్ళన్నీ ఏవైపోయాయో" అంది మా ఆవిడ ఒక ఆదివారం, ఖాళీ గది ఊడుస్తూ.

ఆ పూటే మెకానిక్కు వచ్చాడు, వాళ్ళమ్మాయి పలక చంకలో పెట్టుకుని.

"ఇన్నాళ్ళూ నువ్వు మాట్టాడినావు, మేం ఇన్నాం. ఇప్పుడు నాను మాట్టాడతాను, నువ్వు ఇను. మరీ ఆగలేకపోతే ఇందల రాయి" అని పలక నా ఒళ్ళో పెట్టాడు.

అప్పట్నుంచి ఆదివారాలు అతనివే. డిపో కబుర్లయ్యాక నా దగ్గరున్న నాటకాల్లో ఒకటి తీసి, అన్ని పాత్రలూ తానే చదివేవాడు. హీరోకీ హీరోయిన్‌కీ ఒకటే గొంతు, పాత ఇంజను గొంతు. "అన్నయ్యా, ఆ పిల్ల బస్సు తోలుతున్నట్టుంది" అని మా ఆవిడ వంటింట్లోంచి అరిస్తే, నవ్వు ఆపుకోలేక నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాణ్ణి.

ఒక రోజు పలక మీద రాసి అడిగాను, కొత్త హీరో ఎలా చేస్తున్నాడని.

అతను పలక దగ్గరికి లాక్కుని చదివాడు. "బాగా సేత్తన్నాడు బావా. నీకంటే బాగా అనను గానీ, బాగా సేత్తన్నాడు."

మనసు చివుక్కుమంది. పలక తుడిచేసి గోడవైపు తిరిగాను. "కోపమొచ్చిందేటి? అబద్ధం సెప్పమంటే ముందే రాయాల" అని, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. వచ్చే ఆదివారం రాడేమోనని వారమంతా బెంగపెట్టుకున్నాను. వేళ తప్పకుండా వచ్చాడు.

డాక్టరు మాట్లాడమన్నాక వచ్చిన గొంతు పాతది కాదు, గరగరలాడేది. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అతను తల పక్కకు వంచి విన్నాడు. "హీరోకి పనికిరాదు. తండ్రి ఏసానికి మా బాగుంటాది" అన్నాడు.

అలాగే తండ్రి వేషం కట్టాను. ఆ యేటి పోటీల్లో ఉత్తమ నటుడి బహుమతి నాకే వచ్చింది. మర్నాడు మా ఇల్లు మళ్ళీ నిండిపోయింది. మా ఆవిడ ఒక్క మాట దెప్పకుండా అందరికీ కాఫీలిచ్చింది. నాకూ కోపం రాలేదు. నాటకాన్ని వాళ్ళూ ప్రాణంగానే ప్రేమించారు. వాళ్ళ నవ్వులు దొంగనవ్వులు కావు. గెలుపు దగ్గర అందంగా ఉంటారు కొందరు, అంతే.

అప్పుడు చూస్తే ఆ దువ్వాడ కుర్రాడు లేడు. అదే పోటీల్లో హీరో వేషంలో మాటలు మరిచిపోయి స్టేజి మీద నిలబడిపోయిన దగ్గర్నుంచి అతను ఎవరికీ కనబడలేదు. ఏమయ్యాడని అడిగినవాళ్ళూ లేరు.

"రేపు ఆదివారం దువ్వాడ పోదాం బావా" అన్నాడు మెకానిక్కు.

రైలు దిగి, అడిగి అడిగి ఇల్లు పట్టుకున్నాం. తలుపు తీసిన కుర్రాడు మమ్మల్ని చూసి తెల్లబోయాడు. "వేరే పనుంది, నాటకాలు మానేశానండీ" అన్నాడు.

"నాటకం గురించి ఎవులు అడిగినారు? ఆకలేత్తంది, ఇంట్లో ఏటుందో సెప్పు ముందు" అని మావాడు చెప్పులు విప్పి లోపలికి నడిచాడు. వాళ్ళమ్మగారు కంగారుగా పొయ్యి వెలిగించారు. నేను ఆ కుర్రాడి పక్కన మంచం మీద కూర్చుని, నా గరగర గొంతుతో పోర్టు కబుర్లేవో మొదలుపెట్టాను.