సుమో వెనక సీట్లో పొగ

ఈ రోజు మధ్యాహ్నం అందరం మా సుమోలో కడప నుంచి ఒంటిమిట్టకు బయలుదేరాం. మా మరిది రమణ నిన్ననే బండికి పెద్ద సబ్‌వూఫర్ బాక్సు పెట్టించాడు. చివరి సీటు కింద ఉన్న యాంప్లిఫయర్ మాత్రం పాతదే. ఆ బాక్సు పక్కనే, చివరి సీట్లో మా అత్త కూర్చుంది.

భాకరాపేట దాటగానే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది.

"రమణా, ఏందో కాలుతాండాది, బండి ఆపు" అన్నాను.

"కొత్త బాక్సు గదొదినా, అట్లే వస్తాది" అంటూ సౌండు ఇంకా పెంచాడు.

అంతలో సీటు కింద నుంచి పొగ లేచింది. అత్త దగ్గుతూ డోరు కొడుతోంది. అది లోపలి నుంచి తెరుచుకోదు. రమణ బండి ఆపి, పరుగున వెళ్లి డోరు లాగి, వాళ్లమ్మను కిందికి దింపాడు. తర్వాత యాంప్లిఫయర్ వైర్లు ఒట్టి చేత్తోనే పీకేశాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది.

"ఈ బాక్సు గుంజే కరెంటుకు పాత యాంప్లిఫయర్ తట్టుకోదని షాపాయన చెప్పినాడొదినా. నేనే ఇనలేదు" అన్నాడు తల దించుకుని.

సాయంత్రం ఇంటికొచ్చాక, చేతికి కట్టుతోనే, సరిపడే యాంప్లిఫయర్ కొంటానన్నాడు. అత్త తలెత్తి చూసింది.

"కొనుక్కోప్పా. ఈ తూరి నువ్వు ఎనక కూకో, నేను బండి తోల్తా."

అత్తకు డ్రైవింగ్ రాదు. మీరైతే ఆ బండెక్కుతారా?