ఎత్తు దగ్గరి గడి

రోజూ పొద్దున్నే లెక్కల టీచరమ్మ ముడిలో ఎర్ర పెన్సిల్ గుచ్చుకుని, ఒళ్లో ల్యాప్‌టాప్, పక్కసీట్లో నోటుబుక్కు పెట్టుకుని పాత చిన్నకారులో కూర్చుంటుంది. వాళ్లాయన ఆ కారుకి పెద్ద ఇంజను బిగించి, ఏ వేగానికి, ఎంత బరువుకి ఎంత పెట్రోలు పోవాలో గడిగడికీ అంకె వేస్తూ, ఆ ల్యాప్‌టాప్‌లో పట్టిక సగంలో ఉండగా పోయాడు. మిగతా సగం ఆమె నేర్చుకుని నింపుతోంది. ఇంజను మోతకి చెవి ఒగ్గుతుంది, పొగ వాసన చూస్తుంది, ఒక అంకె మారుస్తుంది. "మెకానిక్‌కి ఇచ్చెయ్యొచ్చుగా అమ్మా!" అని కూతురు పోరు పెడితే, "మీ నాన్న లెక్క ఇంకోడి చేత దిద్దిస్తానా?" అంటుంది.

మొన్న నలభై రెండుకీ నలభై ఆరుకీ మధ్య గడిలో ఆయన వేసిన యాభై మూడు కనబడింది. "తొందరెక్కువ మనిషికి," అని నవ్వుకుని, నోటుబుక్కులో ఆ అంకెకి ఇంటూ కొట్టి, గడిలో నలభై నాలుగు చేసి కారు తీసింది. ఆస్పత్రి పక్క ఎత్తు దాకా వెన్నలా సాగింది. అక్కడ ఒక్క కుదుపు కుదిపితే నడుం కలుక్కుమంది. ఆ కుదుపు ఆమెకు తెలుసు. ఇంజను బిగించిన కొత్తలో పక్కసీట్లో కూర్చుని ఆయనకు అంకెలు చదివి చెబుతూ, ఇదే ఎత్తు మీద, "మీ ఇంజను సంగతి తర్వాత, నా నడుం విరుగుతోందండీ!" అని విరుచుకుపడింది. మర్నాటినుంచి కుదుపు లేదు. ఎందుకు లేదో ఆమె అడగనూ లేదు. టీచరమ్మ కారు పక్కకి ఆపి, యాభై మూడు మళ్లీ వేసింది. నోటుబుక్కులో ఇంటూ చెరిపి, పెద్దగా రైటు కొట్టింది.